గుత్తకు చేసేవాడి పేరు ఏ లిస్టులో ఉంది? (అనంతపురం జిల్లా)

బెళుగుప్ప_రైతుబిడ్డ | 9 ఆగస్టు 2025, రాత్రి 9:40

ఈ నెల 2న రైతులకు ఇచ్చే అన్నదాత సుఖీభవ సాయం మొదటి విడత పడింది. రాష్ట్రం 5,000, పీఎం కిసాన్ 2,000, మొత్తం 7,000. ఆ సాయంత్రం మా ఊరి రచ్చకట్ట దగ్గర అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. మా నాయన ఫోన్‌కి మెసేజ్ రాలేదు. వస్తుందని ఆయన అనుకోలేదు కూడా.

మాకు సొంత భూమి సెంటు లేదు. ఆరెకరాల ఎర్రనేల గుత్తకు, అంటే కౌలుకు చేస్తున్నాం. ఎకరాకు 5,000 చొప్పున ఉగాది రోజే 30,000 కట్టేశాం. చెనిక్కాయ (వేరుశనగ) వేసి మధ్యలో కంది సాళ్లు పెట్టాం. ఇత్తనం, సేద్యం, కలుపు, మందు అంతా మా చేతి డబ్బే. వాన మొహం చాటేస్తే ఆ నష్టం కూడా మాదే. భూమి గలాయన బెంగళూరులో స్థిరపడ్డాడు. 7,000 ఆయన ఖాతాలో పడింది. ఆయన మంచి మనిషి, మాకు ఆయన మీద కోపం లేదు. కానీ చేనులో మనిషి ఒకరు, లిస్టులో పేరు ఇంకొకరిది.

పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే లబ్ధిదారుల జాబితా ఎవరికైనా కనిపిస్తుంది. మొన్న మా ఊరిది తీసి నాయనకు చదివి వినిపించాను. ఒక్కో పేరు రాగానే "ఆ చేను ఇప్పుడు ఫలానా వాళ్లు చేస్తున్నారు", "ఆ చేను బీడు", "వాళ్లు హిందూపురం పోయి పదేళ్లయింది" అని చెప్పుకుంటూ పోయాడు. నేను పక్కన గీతలు పెట్టుకున్నాను. అరగంట తర్వాత ఇక చదవబుద్ధి కాలేదు.

మీ ఊర్లలో ఎలా ఉందో రాయండి.

నార్పల_చీనీతోట | 9 ఆగస్టు, రాత్రి 10:15

నీ బాధ నిజమే తమ్ముడూ. కానీ భూమి ఉన్నోళ్లందరినీ ఒకే గాటన కట్టొద్దు. నాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఆ 7,000 నాకూ పడింది, మొత్తం ఎరువు అంగడికే పోయింది. ఎండాకాలంలో చెట్లు కాపాడుకోవడానికి రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. నేను చేనులోనే బతుకుతున్నాను, పట్నంలో లేను.

బెళుగుప్ప_రైతుబిడ్డ | 9 ఆగస్టు, రాత్రి 10:22

అన్నా, మీకు రావద్దని నేను అనలేదు. మీకు రావాలి. మా నాయనకు కూడా రావాలి, అంతే.

పాత_అడంగల్ | 10 ఆగస్టు, ఉదయం 6:30

రెవెన్యూలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో మొదలైంది. మొదట 2 హెక్టార్ల లోపు వారికే అన్నారు, అదే ఏడాది భూమి ఉన్న అన్ని కుటుంబాలకూ వర్తింపజేశారు. ఆదాయపన్ను కట్టేవారు, ప్రభుత్వ ఉద్యోగులు (నాలుగో తరగతి వారు తప్ప), నెలకు 10,000, ఆ పైన పెన్షన్ వచ్చేవారు, డాక్టర్లు, లాయర్లు లాంటి వారు అనర్హులు. అర్హతకు ఆధారం భూమి రికార్డు. ఆ భూమిలో ఎవరు సేద్యం చేస్తున్నారన్న ప్రశ్న ఆ పథకంలో ఎక్కడా రాదు. అందువల్ల కౌలు రైతుకు కేంద్రం ఏడాదికి ఇచ్చే 6,000 వచ్చే దారి లేదు.

రాష్ట్రం వైపు చూస్తే, 2019 అక్టోబర్ 15న మొదలైన రైతు భరోసాలో ఏడాదికి 13,500. అందులో 6,000 కేంద్రానిది. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు, అటవీ హక్కు పత్రాలు ఉన్న వారికి మొత్తం 13,500 రాష్ట్రమే ఇచ్చింది. ఓసీ కౌలుదారులు అందులో లేరు. మిగతా కౌలుదారులకైనా కార్డు ఉండాలి. చిక్కంతా ఆ కార్డు దగ్గరే.

2011లో వచ్చిన చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లం. దానికి భూ యజమాని సంతకం అక్కర్లేదు. దరఖాస్తు పెడితే గ్రామసభలో విచారించి, ఎవరు చేస్తున్నారో ఊరివాళ్లను అడిగి రాసుకునేవాళ్లం. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దీని కింద 11 నెలల కార్డు వస్తుంది, కానీ యజమాని సంతకం తప్పనిసరి. అప్పటి నుంచి కౌలుదారు గడప గడపకూ తిరిగి బతిమాలుకోవాల్సి వచ్చింది. ఒక ముసలాయన సంతకం కోసం మూడుసార్లు బస్సెక్కి బళ్లారి పోయొచ్చాడు. నాలుగోసారి పోతానంటే నేనే వద్దన్నాను.

కంబదూరు_ఆడబిడ్డ | 10 ఆగస్టు, ఉదయం 8:05

సార్, గుత్తదారుల సంగతే కాదు, సొంత భూమి ఉండి కూడా రానివాళ్లున్నారు. మా నాయన పోయి నాలుగేళ్లయింది. మూడెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అమ్మే సేద్యం చేస్తుంది, మడక పట్టడం తప్ప అన్ని పనులూ తనవే. పాసుబుక్కు పేరు మార్చాలంటే వారసులందరి సంతకాలు కావాలన్నారు. చిన్నాయన పంపకం దగ్గర పేచీ పెట్టాడు. అది తేలేవరకు అమ్మ రైతు కాదు. బ్యాంకులో కాదు, విత్తనాల దగ్గర కాదు, ఎక్కడా కాదు. విత్తనకాయలు బయట కొంటుంది. పక్క చేనాయన 40 శాతం సబ్సిడీతో తెచ్చుకున్న కె-6 రకం విత్తనకాయల మూటలు చూసినప్పుడల్లా ఆమె ముఖం చూడలేను.

ఊర్లో ఆడవాళ్లు లేకుండా చెనిక్కాయ సేద్యం ఎక్కడన్నా జరుగుతుందా? ఇత్తనం వేసేది, కలుపు తీసేది, చెట్టు పీకేది, కాయ వలిచేది ఎవరు? పాసుబుక్కులు మాత్రం మగవాళ్ల పేర్ల మీదే ఉంటాయి.

పాత_అడంగల్ | 10 ఆగస్టు, ఉదయం 8:40

అమ్మా, ముందు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకోండి. మీ నాయనకు వీలునామా లేకపోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. చిన్నాయన పేచీ తాత భూమి వాటా గురించా, మీ నాయన స్వార్జితం గురించా? రెండింటికీ దారి వేరు. 1బి (భూమి హక్కుల రికార్డు) కాపీలో ఎవరి పేరు, ఎలా వచ్చిందని రాసి ఉందో చూసి చెప్పండి. ఇక్కడ నంబర్లు పెట్టకండి.

విడపనకల్లు_నల్లరేగడి | 10 ఆగస్టు, మధ్యాహ్నం 1:10

ఇంకో కోణం చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. కేంద్రం, రాష్ట్రం కలిపి ఏడాదికి ఇచ్చే ఈ 20,000 రూపాయలు, ఎకరాలతో పని లేకుండా కుటుంబానికి ఇంత అని ఇస్తున్నారు. ఎకరం ఉన్నోడికీ అంతే, నలభై ఎకరాలు ఉన్నోడికీ అంతే. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు, పంటకు 4,000 ఇచ్చారు, ఇప్పుడు 6,000. అక్కడ భూమి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ. నాకు పద్దెనిమిది ఎకరాల పప్పుశనగ భూమి ఉంది. ఆ పద్ధతి ఇక్కడ ఉంటే నాకే లాభం. అయినా మన పద్ధతే న్యాయమని నేనంటాను. గుత్తదారు సంగతి ఒక్కటి సరిచేస్తే చాలు.

నార్పల_చీనీతోట | 10 ఆగస్టు, మధ్యాహ్నం 2:00

ఒప్పుకుంటాను. పెద్ద రైతు నోటి నుంచి ఆ మాట రావడం సంతోషం.

ధర్మవరం_లెక్కల_టీచర్ | 10 ఆగస్టు, రాత్రి 9:20

అందరూ ఖాతాలో పడే డబ్బు గురించే మాట్లాడుతున్నారు. కంటికి కనపడని సబ్సిడీ దానికంటే చాలా పెద్దది. దాని లెక్క కూడా చూద్దాం.

2004 మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం రోజు ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఇరవై ఒక్క ఏళ్లుగా నడుస్తోంది, ఏ ప్రభుత్వం వచ్చినా తీయలేదు. మంచి పనే. అది అందేది ఎవరికి? బోరు ఉన్నవాళ్లకి, మోటారు కనెక్షన్ ఉన్నవాళ్లకి. డ్రిప్ కూడా అంతే. సూక్ష్మసేద్యం పథకం 2003లో మొదలైంది. డ్రిప్‌లో మన జిల్లా పేరు రాష్ట్రమంతా చెప్పుకుంటారు. ఎకరాకు వేలల్లో ఉండే సామాన్ల ఖర్చులో చిన్న రైతుకు 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. అది కావాలన్నా బోరు ఉండాలి, పాసుబుక్కు ఉండాలి. పంట రుణానికి కూడా అదే కథ. 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. గుత్తదారు వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చుకుంటాడు, నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అది కూడా అదునుకు పడదు. ఇక్కడ వాన మీదే ఆధారపడి చెనిక్కాయ వేసేవాడు అందరికంటే ఎక్కువ రిస్క్ తీసుకుంటాడు. వాడికి కరెంటు సబ్సిడీ లేదు, డ్రిప్ లేదు. గుత్తదారు అయితే బ్యాంకూ లేదు. పాసుబుక్కు అడగకుండా వాడికి అందే సబ్సిడీ నాకు ఒక్కటే కనిపించింది, ఎరువుది. 45 కిలోల యూరియా మూట ఎవరు వేలిముద్ర వేసినా 266 రూపాయల 50 పైసలే. తీరా చూస్తే చెనిక్కాయకు యూరియా పెద్దగా వాడరు. ఆ సబ్సిడీలో పెద్ద వాటా కాలువ కింద వరి మడులకు పోతుంది.

నీళ్లు ఉన్నవాడికే ఇంకా సాయం అందుతోంది. నీళ్లు లేనివాడికి ఏమిస్తున్నారో కూర్చుని ఒక్కసారి లెక్క రాయండి, మీకే తెలుస్తుంది.

నార్పల_చీనీతోట | 10 ఆగస్టు, రాత్రి 9:50

మేడమ్, బోరు రైతు సుఖంగా ఉన్నట్టు రాశారు. వెయ్యి అడుగులు తోలించి నీళ్లు పడక అప్పుల పాలైన వాళ్లు మా మండలంలో ఇంటికొకరు. కరెంటు ఉచితమే, బోరు ఉచితం కాదు.

ధర్మవరం_లెక్కల_టీచర్ | 10 ఆగస్టు, రాత్రి 10:05

సార్, సుఖంగా ఉన్నారని నేను అనలేదు. మా అన్న కూడా బోర్ల అప్పుతోనే ఆటో తోలడానికి బెంగళూరు పోయాడు. సబ్సిడీ ఎవరి దాకా పోతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నదే చెప్పాను.

పాత_అడంగల్ | 11 ఆగస్టు, ఉదయం 6:45

టీచరమ్మ చెప్పినదానికి ఒక పాత ఉదాహరణ కలుపుతాను. 2008 కేంద్ర రుణమాఫీలో 2 హెక్టార్లు, అంటే 5 ఎకరాల లోపు రైతుకు పూర్తి మాఫీ. అంతకు మించితే 25 శాతం రాయితీ, అది కూడా మిగతా అప్పు కడితేనే. కోనసీమలో నాలుగెకరాల మాగాణి ఉన్నాయనకు పూర్తిగా పోయింది. మన దగ్గర ఎనిమిదెకరాల ఎర్రమెట్ట ఉన్నాయనకు పోలేదు. ఆ ఎనిమిదెకరాలు కలిపినా అక్కడి ఒక ఎకరం ధర రాదు. కరువు జిల్లాలకు 25 శాతం లేదా 20,000, ఏది ఎక్కువైతే అది అని తర్వాత కొంచెం సవరించారు. నా టేబుల్ ముందు నిలబడి "సార్, నాది ఎక్కువ భూమా?" అని అడిగిన రైతులు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నారు. ఎకరాలతో పేదరికం కొలవడం మన సీమకు ఎప్పుడూ సరిపోలేదు.

బెంగళూరులో_మనోడు | 11 ఆగస్టు, రాత్రి 11:30

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మీరు చెప్తున్న ఆ బెంగళూరు ఓనర్లలో నేనూ ఒకణ్ణి. సెట్టూరు వైపు మాకు ఏడెకరాలుంది, మా అమ్మ పేరు మీద. నాన్న పోయాక నేనే అమ్మను ఇక్కడికి తెచ్చుకున్నాను. మా ఊరాయన ఒకరు గుత్తకు చేస్తున్నారు, నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి. పోయినేడు కార్డు కోసం సంతకం అడిగితే నేను దాటవేశాను.

ఎందుకో చెప్తాను. ఒకటి, భయం. సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందని మా మామ గట్టిగా చెప్పాడు. రెండు, అమ్మ పేరు మీద పంట రుణం ఉంది, ఏటా వడ్డీ కట్టి తిరగరాస్తున్నాం. ఆయనకు కార్డు వస్తే బ్యాంకు వాళ్లు మా అప్పు ఆపేస్తారేమోనని టెన్షన్. మూడు, ఆ 7,000 అమ్మ బీపీ, షుగర్ మందులకు పోతుంది. అది ఆగిపోతుందేమో అనుకున్నాను. ఇప్పుడు ఇదంతా చదువుతుంటే మనసు బాగాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, సంతకం పెడితే నిజంగా ఏమవుతుంది?

విడపనకల్లు_నల్లరేగడి | 12 ఆగస్టు, ఉదయం 5:50

తమ్ముడూ, ఇంత నిజాయితీగా ఎవరూ రాయరు. మా ఊర్లోనూ ఇవే మూడు భయాలు. ఏళ్ల తరబడి ఒకరికే ఇస్తే హక్కు అడుగుతారని ఏడాదికొకరిని మార్చేవాళ్లున్నారు. దాంతో ఆ చేనుకు ఎవరూ పశువుల ఎరువు తోలరు, గట్టు వేయరు. నేల పాడయ్యేది అక్కడే.

పాత_అడంగల్ | 12 ఆగస్టు, ఉదయం 6:40

బాబూ, ఒక్కోటి చెప్తాను.

2019 చట్టం కార్డు పంట మీద హక్కుకే. భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉంది. 11 నెలలు దాటితే ఆ కాగితానికి విలువ లేదు. మీ మామగారు పాత కౌలుచట్టం రోజుల మాట చెప్తున్నారు.

మీ అమ్మగారి సాయం సంగతి. రైతు భరోసా నడిచినన్నాళ్లూ కౌలుదారుకు ఇచ్చింది యజమాని వాటా నుంచి కోసి ఇవ్వలేదు, ఇద్దరికీ వేర్వేరుగా పడింది. పీఎం కిసాన్ భూమి రికార్డును బట్టి వస్తుంది, కౌలు కార్డుతో దానికి సంబంధం లేదు.

అప్పు విషయంలో మాత్రం మీ భయానికి కారణం ఉంది. ఒకే సర్వే నంబరు మీద, ఒకే పంటకు రెండు రుణాలు పడకూడదని బ్యాంకు చూస్తుంది. మీ అప్పు ఉండగా ఆయనకు బ్యాంకు అప్పు రావడం కష్టమే. కానీ కార్డు ఒక్క బ్యాంకుకే కాదు కదా. కరువొస్తే పెట్టుబడి రాయితీ, పంటల బీమా, మద్దతు ధరకు అమ్ముకోవడం, ఇవన్నీ ఉన్నాయి. ఇంకోటి చెప్పడానికి నోరు రాదు. చేసుకోకూడని పని చేసుకున్న రైతు ఇంటికి పరిహారం కోసం విచారణకు పోయినప్పుడు మొట్టమొదట అడిగే కాగితాల్లో ఇదొకటి. కార్డు లేని ఇళ్లకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

బెళుగుప్ప_రైతుబిడ్డ | 12 ఆగస్టు, ఉదయం 9:15

బెంగళూరు అన్నా, మీరు రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మా ఓనరు మనసులో కూడా ఇవే ఉన్నాయేమో. మేం ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

2023 ఖరీఫ్ గుర్తొచ్చింది. వాన లేక చేను నిలువునా ఎండింది. రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు, అందులో మన జిల్లావే ఎక్కువ. వర్షాధార పంటకు కేంద్రం నిబంధనల ప్రకారం హెక్టారుకు 8,500, అది కూడా 2 హెక్టార్ల వరకే. మా పెట్టుబడిలో అది ఏ మూలకూ రాదు. అయినా వచ్చుంటే ఆ ఏడు అమ్మ కమ్మలు తాకట్టు నుంచి విడిపించేవాళ్లం. పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఓనరు పేరు ఉండడంతో మాకు రాలేదు.

వేదిక_నిర్వాహకులు | 12 ఆగస్టు, ఉదయం 10:00

చర్చ బాగా నడుస్తోంది. ఒక సభ్యుడు తన ఊరి లబ్ధిదారుల జాబితాను పేర్లతో సహా పెట్టారు, దాన్ని తొలగించాం. జాబితా అందరికీ కనిపించేదే అయినా, పక్కన "వీళ్లు ఊర్లో లేరు" అని రాస్తే ఆ కుటుంబాలకు ఇబ్బంది. పేర్లు, సర్వే నంబర్లు, పాసుబుక్కు ఫొటోలు వద్దు.

రైతు_సేవా_కేంద్రం_ఉద్యోగి | 12 ఆగస్టు, రాత్రి 8:50

గ్రామ వ్యవసాయ సహాయకుడిగా పనిచేస్తున్నాను. ఊరు చెప్పను. మా వైపు నుంచి రెండు మాటలు.

ఈ-క్రాప్ నమోదుకు చేను దగ్గరికి పోయి ఫొటో తీస్తాం. ఎవరు చేస్తున్నారో మాకు కళ్లారా తెలుసు. సాగుదారు పేరు వేరుగా రాసే వీలుంది. రాస్తే సాయంత్రానికి ఓనరు నుంచి ఫోన్ వస్తుంది, "మా భూమి మీద వాడి పేరు ఎందుకు ఎక్కించావు?" అని. ఒకసారి ఇంటి మీదికే వచ్చారు. కొత్తగా చేరిన పిల్లలు ఆ గొడవ పడలేక పాసుబుక్కులో ఉన్న పేరే ఎక్కించేస్తారు. తప్పే, నేనూ చేశాను. అందుకే 2011 పద్ధతిలో గ్రామసభ ముందు తేల్చడం నాకు నచ్చుతుంది. నలుగురి ముందు "ఆ చేను ఎవరు చేస్తున్నారు?" అని అడిగితే ఊర్లో అబద్ధం చెప్పేవాళ్లు తక్కువ. భారం ఒక్క ఉద్యోగి నెత్తిన పడదు.

2004లో జయతి ఘోష్ గారి రైతు సంక్షేమ కమిషన్ కూడా కౌలుదారులను గుర్తించి నమోదు చేయాలనే చెప్పింది.

బెళుగుప్ప తమ్ముడూ, మీ నాయనగారిని ఈ వారమే మీ ఊరి రైతు సేవా కేంద్రానికి పోయి అడగమను. ఫొటో తీసే రోజు చేనులో ఉండమను. ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుపోవాలి. నమోదు అయ్యాక వేలిముద్ర మర్చిపోవద్దు. అది వేయకపోతే పేరు ఎక్కినా ఎక్కనట్టే. ముద్ర వేశాక రసీదు అడిగి తీసుకోవాలి. తర్వాత సామాజిక తనిఖీ కోసం జాబితా గోడకు అంటిస్తారు, అప్పుడు పేరు చూసుకోవాలి. తప్పుంటే అభ్యంతరం చెప్పుకునే సమయం అదే.

కంబదూరు_ఆడబిడ్డ | 13 ఆగస్టు, ఉదయం 7:30

సార్, మా అమ్మ కూడా ఇలాగే సాగుదారుగా రాయించుకోవచ్చా, పేరు మార్పు తేలేవరకు?

రైతు_సేవా_కేంద్రం_ఉద్యోగి | 13 ఆగస్టు, ఉదయం 7:55

అడగండక్కా, తప్పకుండా అడగండి. నాయనగారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం చేతిలో పెట్టుకుని పోండి. మీ అమ్మగారినే ముందుకు పంపండి, మీరు పక్కన ఉండండి.

బెంగళూరులో_మనోడు | 17 ఆగస్టు, సాయంత్రం 6:20

అమ్మతో మాట్లాడాను. నేను భయపడినంత ఆమె భయపడలేదు. "మీ నాయన ఉన్నప్పుడు వాన రాని ఏడు గుత్త సగం వదిలేసేవాడు, మనం అదీ చేయలేదు" అంది. వినాయక చవితికి ఊరికి వస్తున్నాం. 28న గ్రామ సచివాలయానికి పోయి సంతకం పెడతాను. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అమ్మ ఆరోగ్యం ఎట్లుంది?" అని అడిగాడు.

పాత_అడంగల్ | 17 ఆగస్టు, రాత్రి 7:00

అమ్మగారి పాసుబుక్కు, ఆధార్ కాపీ తెచ్చుకోండి. భూమి ఆమె పేరు మీద ఉంది కాబట్టి సంతకం ఆమెదే కావాలి, మీది చెల్లదు. కళ్యాణదుర్గం దాకా వస్తే ఫోన్ చేయండి, నేనూ వస్తాను. నంబరు మెసేజ్‌లో పంపుతున్నాను.

బెళుగుప్ప_రైతుబిడ్డ | 30 ఆగస్టు, రాత్రి 8:10

మా ఓనరు సంతకం గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. "చూద్దాంలే" అన్నాడు. కానీ నిన్న చేను దగ్గరికి ఫొటోకి వచ్చారు. నాయన పొద్దున ఆరింటి నుంచి గట్టు మీదే కూర్చున్నాడు, సద్దన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. సాగుదారు గడిలో ఆయన పేరు ఎక్కింది. వేలు అరిగిపోయి ముద్ర రెండుసార్లు పడలేదు, మూడోసారి పడింది. రసీదు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, తడుస్తుందని అమ్మ ప్లాస్టిక్ కవరు ఇచ్చింది.

బెంగళూరు అన్నా, 28న పని అయిందా?